ఫ్లాగ్ మార్చ్‌లో ఉన్న జవాను మనల్ని అరెస్ట్ చేయొచ్చా? ఇంట్లో సోదా చేయొచ్చా?

మారేడ్‌పల్లి వాసి:
అమెరికాలో నగరాల్లోకి నేషనల్ గార్డ్‌ను దింపడం మీద కోర్టు కేసులు చూస్తుంటే డౌటొచ్చింది. పోలీసు పనులకు సైన్యాన్ని వాడొద్దనే 1878 నాటి పాసీ కమిటాటస్ చట్టం వాళ్లకు ఉంది. మనకు అలాంటిదేమైనా ఉందా? హైదరాబాద్‌లో అల్లర్లు ముదిరి కంటోన్మెంట్ నుంచి ఆర్మీ దిగాలంటే ఎవరు పిలవాలి? సీఎం ఫోన్ చేస్తే చాలా? తెలిసినవాళ్లు సెక్షన్లతో చెప్పండి. వాట్సాప్ యూనివర్సిటీ జవాబులు వద్దు ప్లీజ్.

క్రిమినల్ సైడ్:
అలాంటి నిషేధ చట్టం మనకు లేదండీ. మన చట్టం సైన్యాన్ని రానిస్తుంది, కాకపోతే మేజిస్ట్రేట్ పిలిస్తేనే. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 129 నుంచి 132 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 148 నుంచి 151 అయ్యాయి. ముందు 148 కింద పోలీసులతో గుంపును చెదరగొట్టాలి. అది కుదరక, ప్రజా భద్రతకు తప్పదనుకుంటేనే 149 కింద సైన్యం.

ఇక్కడో మార్పు చాలామంది గమనించలేదు. పాత 130లో అక్కడున్న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లలో పెద్ద హోదా ఉన్నవారు సైన్యాన్ని కోరితే సరిపోయేది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్, లేదా ఆయన అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అక్కడ ఉండి కోరాలి. అర్ధరాత్రి ఆర్మీ కాలమ్ (దళం) వెంట తహసీల్దార్‌ను పంపి, ఆయన పేరున ఆథరైజేషన్ ఆర్డర్ ముందే తీసిపెట్టకపోతే తర్వాత విచారణలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. హైదరాబాద్‌లో కమిషనరేట్ పద్ధతి కాబట్టి పోలీస్ కమిషనర్‌కు ఏ నోటిఫికేషన్ ద్వారా ఏయే మేజిస్ట్రేట్ అధికారాలు ఇచ్చారో అది కూడా ఫైల్లో ఉండాలి.

గుంపును చెదరగొట్టాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ నిర్ణయం. ఎలా చెదరగొట్టాలన్నది మాత్రం ఆర్మీ ఆఫీసర్ ఇష్టం. ‘ఇప్పుడు కాల్చు’ అని ఆయన్ని మేజిస్ట్రేట్ నడిపించలేడు. ఆఫీసర్ కూడా పని జరగడానికి ఎంత అవసరమో అంతకు మించి బలం వాడకూడదు. మేజిస్ట్రేట్ చెప్పినవాళ్లను అరెస్ట్ చేయొచ్చు. ఇంటి సోదా అధికారం మాత్రం 149లో ఎక్కడా లేదు, దానికి పోలీసులే రావాలి.

సీఎం విషయానికొస్తే, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవే అయినా సైన్యం వాడకాన్ని అందులోంచి మినహాయించారు. 1976లో 42వ సవరణతో కేంద్ర జాబితాలో 2ఏ ఎంట్రీ చేర్చారు. కాబట్టి సైన్యం కేంద్రం చేతిలోనిది; సీఎం అడగగలరు గానీ ఆదేశించలేరు. గుంపు దగ్గర దాన్ని రంగంలోకి దించేది మాత్రం పైన చెప్పిన మేజిస్ట్రేటే.

పాత ఫౌజీ:
150 కూడా చెప్పాలి. మేజిస్ట్రేట్‌ను సంప్రదించే వీలే లేనప్పుడు, ప్రమాదం కళ్లెదుట కనిపిస్తుంటే, కమిషన్డ్ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సొంతంగా చర్య తీసుకోవచ్చు. హవల్దార్‌కు ఆ అధికారం లేదు. లైన్ కలవగానే మేజిస్ట్రేట్‌కు చెప్పి, ఆపై ఆయన చెప్పినట్టే నడవాలి. ప్రతి చేతిలో మొబైల్ ఉన్న రోజుల్లో ‘దొరకలేదు’ అని నిరూపించడం కష్టం. అందుకే ఎవరికి, ఎన్ని గంటలకు కాల్ చేశారో లాగ్ బుక్కులో రాయించాలి.

క్రిమినల్ సైడ్:
కరెక్ట్ సార్. 151 రక్షణ గురించి కూడా ఒక మాట. సైనికుడి మీద ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి కావాలి. ఎఫ్‌ఐఆర్ రాయొద్దని ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. ఠాణాలో ‘ఆర్మీ మీద కేసు తీసుకోం’ అంటే ఏ సెక్షన్ కిందో చెప్పమని అడగండి.

మారేడ్‌పల్లి వాసి:
థాంక్యూ అండీ. మరి నీలి మచ్చల యూనిఫాం వేసుకునే ఆర్‌ఏఎఫ్ (ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్)? గ్రేహౌండ్స్? తెలంగాణలో ఏఎఫ్‌ఎస్‌పీఏ (సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం) పెట్టగలరా?

సెక్షన్ చదివి మాట్లాడు:
ఆర్‌ఏఎఫ్ సీఆర్‌పీఎఫ్‌లో భాగం, ఆర్మీ కాదు. కాకపోతే 151లో సాయుధ బలగాల నిర్వచనం ‘కేంద్రపు ఇతర సాయుధ బలగాల’నూ కలుపుకుంటుంది, అంటే పైన చెప్పిన కేంద్రం అనుమతి రక్షణ వాళ్లకూ వర్తిస్తుంది. టీవీ చర్చల్లో ఇది ఎవరూ చెప్పరు. గ్రేహౌండ్స్, ఆక్టోపస్ అచ్చంగా రాష్ట్ర పోలీసులు.

1958 నాటి ఏఎఫ్‌ఎస్‌పీఏ ఈశాన్యంలోని ఏడు రాష్ట్రాలకే వర్తిస్తుంది, జమ్మూ కశ్మీర్‌కు 1990లో వేరే చట్టం చేశారు. ఇక్కడ పెట్టాలంటే గెజిట్ నోటిఫికేషన్ చాలదు, పార్లమెంటు చట్టం చేయాలి. అది అమల్లో ఉన్న చోట కూడా పట్టుకున్న మనిషిని వీలైనంత త్వరగా దగ్గర్లోని ఠాణాకు అప్పగించాల్సిందే.

ఎవరో 1948 పోలీస్ యాక్షన్ సంగతి తెచ్చేలోపే చెప్తున్నా: అప్పటికి రాజ్యాంగమే అమల్లో లేదు, అది దీనికి ఉదాహరణ కాదు.

సికింద్రాబాద్ గేటు సంగతి:
మారేడ్‌పల్లి అన్నారు కాబట్టి ఇదీ పనికొస్తుంది. ఆర్మీ గేటు దగ్గర సెంట్రీ లోపలికి రానివ్వకపోవచ్చు, ఐడీ అడగొచ్చు. కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల) నేరం చేస్తూ దొరికితే పట్టుకోవచ్చు కూడా. అయితే అది బీఎన్‌ఎస్‌ఎస్ 40 కింద మామూలు పౌరుడికీ ఉన్న అధికారం: ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఇక కంటోన్మెంట్ రోడ్డును శాశ్వతంగా మూయాలంటే 2006 కంటోన్మెంట్ల చట్టం 258 ప్రకారం భద్రతా కారణం ఉండాలి, పబ్లిక్ నోటీసిచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి, పైఅధికారుల ముందస్తు అనుమతి ఉండాలి. మీ వీధి చివర రాత్రికి రాత్రి గేటు లేస్తే ముందు ఆ నోటీసు కాపీ కోసం కంటోన్మెంట్ బోర్డుకు ఆర్‌టీఐ వేయండి.