మలయా వెళ్ళిన మా తాతయ్య తమ్ముడు సయాం రైలు పనిలో పోయాడేమో. పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా?

టెక్కలి_పిల్ల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర ఒక పల్లె. మా తాతయ్య తమ్ముడు 1937 ప్రాంతంలో మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకి కూలికి వెళ్ళాడు. మొదట్లో డబ్బు పంపేవాడట, ఎవరి చేతో ఉత్తరాలు రాయించేవాడట. 1941 తరవాత ఒక్క ఉత్తరం లేదు.

మా ఇంట్లో ఇన్నేళ్ళూ చెప్పుకున్న మాట ఒక్కటే: "అక్కడ ఎవత్తెనో కట్టుకుని కన్నతల్లిని మర్చిపోయాడు." మా ముత్తవ్వ ఆ కొడుకుని తిట్టుకుంటూనే కన్ను మూసిందట. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ఉత్తరం రాయకపోయినా ఫోను చెయ్యకపోయినా "మలయా వాడిలా తయారయ్యావు" అంటారు.

ఈ మధ్య జపాన్ వాళ్ళు మలయాని ఆక్రమించుకున్న రోజుల గురించి చదివాను. తోట కూలీల్ని సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకి వేసిన రైలు మార్గం పనికి పట్టుకుపోయారని, వేలకి వేల మంది అడవిలోనే చనిపోయారని అప్పుడే తెలిసింది. అక్కడ చనిపోయిన తెల్ల సైనికుల పేర్లు వెతికితే ఇట్టే దొరుకుతున్నాయి, పటాలం పేరుతో, తేదీతో సహా. కూలీల పేర్లు మాత్రం ఒక్కటీ కనపడలేదు.

తెలుగువాళ్ళని కూడా తీసుకెళ్ళారా? పేర్లు రాసిన రిజిస్టర్ ఎక్కడైనా ఉందా? ఆయుధం పట్టని జనాన్ని అలా ఎత్తుకుపోవడం నేరం కాదా, దానికి ఎవరికైనా శిక్ష పడిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. మా తాతయ్య తమ్ముడి మీద వేసిన ఆ నింద నిజమో కాదో నాకు తేల్చుకోవాలని ఉంది.

పెరాక్_మాస్టారు జవాబు:

అమ్మా, తీసుకెళ్ళారు. మా నాన్ననే తీసుకెళ్ళారు. నేను పెరాక్ రాష్ట్రంలో పుట్టి, ఇక్కడే బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా ఇళ్ళలో ఆ పనిని సయాం రైలు అనే అంటారు.

మీకు ముందు ఆ కాలం ఎలా ఉండేదో తెలియాలి. జపాన్ సైన్యం 1941 డిసెంబరు 8న మలయా తీరంలోని కోటా బారూలో దిగింది. 1942 ఫిబ్రవరి 15కి సింగపూర్ కూడా పడిపోయింది. తోటల దొరలు అంతకుముందే మూటాముల్లె సర్దుకుని పోయారు. రబ్బరు కొనే నాథుడు లేడు. చెట్టు గీస్తే పాలు వస్తాయి గాని కూలి రాదు. జపాన్ వాళ్ళు అచ్చేసిన నోట్లమీద అరటిచెట్టు బొమ్మ ఉండేది, అందుకని అరటి నోట్లు అనేవాళ్ళు. రానురాను వాటికి విలువే లేకుండా పోయింది. బియ్యం దొరక్క కర్రపెండలం ఉడకబెట్టుకుని తిన్నారు. బట్ట లేక గోనె సంచులు చుట్టుకున్నారు. జబ్బు చేస్తే ఇవ్వడానికి క్వినైన్ లేదు. ఉత్తరాలు ఆగిపోయింది కూడా అందుకే. జపాన్ చేతికి చిక్కిన మలయాకీ ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న ఇండియాకీ మధ్య టపా లేదు. కాబట్టి మీ చిన్నతాతగారు రాయాలనుకున్నా రాయలేడు. ఈ మాట ముందు మీ ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

1943లో తోటల మీద పడ్డారు. ఒక్కో ఎస్టేటు ఇంతమందిని ఇవ్వాలని కిరాణీలకి, అంటే తోట గుమాస్తాలకి, లెక్క వచ్చేది. మూడు నెలల పని, రోజుకి ఒక డాలరు, తిండి, బట్ట, తిరుగు ప్రయాణం అని ఆశ పెట్టారు. మొదట కొందరు ఆకలికి తాళలేక తమంతట తామే వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాకపోయేసరికి మిగతావాళ్ళు రామన్నారు. అప్పుడు పట్టుకోవడం మొదలైంది. ఊళ్ళలో సినిమా ఉచితం అని చాటించి, జనం లోపలికి వెళ్ళాక తలుపులు మూసి, అట్నుంచి అటే రైలెక్కించారు. ఇది మా నాన్న ఒక్కడు చెప్పిన మాట కాదు, బతికి వచ్చినవాళ్ళు చాలామంది చెప్పారు.

మా తోటలో కిరాణీయే చీటీ రాశాడు. ఆయనతో ఎప్పుడైనా గొడవ పడ్డవాడి పేరు చీటీలో ముందుండేదని నాన్న అనేవాడు. పెద్దనాన్న పేరు రాస్తే, ఆయనకి అప్పటికే పెళ్ళాం, చంటిపిల్ల. నాన్నకి ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు. అన్న బదులు తను లారీ ఎక్కాడు.

సరుకులు తోలే ఇనప పెట్టెల్లో కుక్కారు. కాళ్ళు చాపుకునే చోటు లేదు, పగలు పెట్టె పెనంలా కాలేది. నాలుగైదు రోజులకి సయాంలో బాన్‌పాంగ్ దగ్గర దింపి, అక్కడినుంచి వాన బురదలో అడవిదారిన నడిపించారు. కింద పడినవాణ్ణి అక్కడే వదిలేశారు.

ఆ మార్గం మొత్తం 415 కిలోమీటర్లు, బాన్‌పాంగ్ నుంచి బర్మాలో తన్బ్యూజయాత్ దాకా. బర్మాలో ఉన్న తమ సైన్యానికి సరుకు సముద్రం మీద పంపితే మిత్రరాజ్యాల జలాంతర్గాములు ముంచేస్తున్నాయని ఈ దారి పట్టారు. ఏళ్ళు పట్టే పనిని 1943 అక్టోబరు 17కి, అంటే ఏడాది పైచిలుకులో ముగించారు. ఆ తొందర అంతా మనుషుల ఒంటిమీదే తీర్చుకున్నారు.

అక్కడ యుద్ధఖైదీలు 60 వేల పైన, అందులో 12 వేల పైచిలుకు చనిపోయారు. తెల్లవాళ్ళు పడ్డ కష్టం చిన్నదని నేను ఎప్పుడూ అనను. కాని మలయా, బర్మా, జావాలనుంచి తెచ్చిన కూలీలు రెండు లక్షల దాకా ఉంటారు, అందులో 90 వేలమంది పోయి ఉంటారని అంచనా. ఎందుకంత తేడా? ఖైదీలకి వాళ్ళ ఆఫీసర్లు ఉన్నారు, వాళ్ళ డాక్టర్లు ఉన్నారు, నీళ్ళు కాచకుండా తాగొద్దని గదిమే మనిషి ఉన్నాడు. మనవాళ్ళకి ఎవరున్నారు? ఒక గుడిసెలో తెలుగువాడు, తమిళుడు, పక్కన జావావాడు, ఒకరి మాట ఒకరికి తెలియదు. వాన నీళ్ళు, దొడ్డి నీళ్ళు ఒకటైపోయి ఏట్లోకి పారేవి, ఆ ఏటి నీళ్ళే తాగేవాళ్ళు. 1943 వానల్లో కలరా వచ్చింది. నాన్న ఉన్న గుడిసెలో పొద్దున పనికి లేచినవాళ్ళు రాత్రికి ఉండేవారు కాదు. చచ్చినవాళ్ళని మోసేది రేపో ఎల్లుండో చావబోయేవాళ్ళే. వెదుళ్ళు పేర్చి కాల్చడానికి వానకి నిప్పంటుకోదు, గోతుల్లో వేసేవాళ్ళు. ఒక్కోసారి ఇంకా ఊపిరి ఉన్నవాణ్ణి కూడా.

ఆ జూన్‌లో జపాన్ వాళ్ళు ఖైదీల్లోంచి కొందరు వైద్య సిబ్బందిని కూలీల క్యాంపులకి పంపారు. మందులు ఏమంత ఇవ్వలేదు. అలా వచ్చిన ఒక తెల్లాయన నాన్న చేతిలో డబ్బా లాక్కుని, నీళ్ళు పారబోసి, పొయ్యిమీద తెర్లుతున్న డేగిశా చూపించి, వేలితో నీళ్ళలో బుడగల్ని చూపించాడట. భాష లేదు. అంతే నేర్పాడు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు వంటల చోటికి పోయి, నీళ్ళు తెర్లడం కళ్ళారా చూసి, అక్కడే చెంబు పట్టుకుని నిలబడేవాడు. ఎవరేమనుకున్నా లక్ష్యపెట్టలేదు.

రైలు పూర్తయినా వదల్లేదు. ఇంజన్లకి కట్టెలు కొట్టించారు, బాంబులు పడి విరిగిన వంతెనలు బాగుచేయించారు. యుద్ధం ముగిశాక 1946లో మా నాన్న తోటకి తిరిగొచ్చాడు. మా లైను ఇళ్ళలోనే ఇంకొకాయన వచ్చేసరికి, చనిపోయాడనుకుని ఆయన భార్య మారుమనువు వెళ్ళింది. ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన వేరే తోటకి వెళ్ళిపోయాడు.

పేర్ల సంగతికొస్తే, పేర్లతో పూర్తి రిజిస్టర్ లేదు. పట్టుకుపోయినవాళ్ళు తలకాయలు లెక్కపెట్టారు గాని పేర్లు అడగలేదు. తరవాత రాసిన కాగితాల్లో దక్షిణాది కూలీలందరినీ తమిళులనే రాసేశారు, తెలుగువాళ్ళు ఆ లెక్కలోనే కలిసిపోయారు. సయాంలోని కాంచనబురిలో ఆ యుద్ధఖైదీల శ్మశానం చూశాను. దాదాపు ఏడు వేల సమాధులు, వరసలు తీర్చి, గడ్డి కత్తిరించి, ఎంతో ప్రేమగా చూసుకుంటున్నారు. అదే ఊళ్ళో వాట్ థావోర్న్ గుడిలో మన కూలీల ఎముకలు పోగేసి పెట్టిన ఒక కట్టడం ఉంది. దానిమీద ఒక్క పేరూ లేదు. 2023లో తమిళులు పూనుకుని అక్కడ ఒక నడుగల్లు, అంటే చనిపోయినవాళ్ళ గుర్తుగా పాతే రాయి, నిలబెట్టారు. ఆ పని మన తెలుగు సంఘాలూ చెయ్యాలని నేను ఇక్కడ ప్రతి సభలోనూ అడుగుతూనే ఉన్నాను.

వాల్తేరు_వకీలు జవాబు:

చట్టం సంగతి నేను చెప్తాను. నేరమే, సందేహం లేదు. యుద్ధంలో పౌరుల్ని కాపాడే 1949 జెనీవా ఒప్పందానికి ముందు ఇలాంటి నియమాలు లేవని కొందరు వాదిస్తారు, అది సరికాదు. యుద్ధం ఎలా చెయ్యాలో దేశాలు రాసుకున్న 1907 హేగ్ నిబంధనల్లోనే 46వ అధికరణం ఆక్రమిత ప్రాంతంలో జనం ప్రాణాల్ని, కుటుంబ హక్కుల్ని గౌరవించాలంది. 52వ అధికరణం ప్రకారం ఆక్రమించిన సైన్యం తన అవసరాలకి స్థానికుల చేత పని చేయించుకోవచ్చు గాని, దానికి హద్దులున్నాయి. వాళ్ళని సొంత దేశం మీద సాగే యుద్ధంలోకి దించే పని చేయించకూడదు. దేశం దాటించి, ఇండియా సరిహద్దు వైపు సైన్యానికి సరుకు తోలే మార్గం వేయించడం ఏ లెక్కలోకి వస్తుందో మీరే చూడండి. జపాన్ ఆ ఒప్పందానికి కట్టుబడ్డ దేశమే.

1949 నాలుగో జెనీవా ఒప్పందం ఇంకా సూటిగా చెప్పింది. 49వ అధికరణం బలవంతపు తరలింపుని నిషేధించింది. 51వ అధికరణం 18 ఏళ్ళు నిండనివాళ్ళ చేత బలవంతంగా పని చేయించకూడదని, ఎవరిచేత చేయించినా వాళ్ళున్న ఆక్రమిత ప్రాంతంలోనే చేయించాలని రాసింది. మాస్టారుగారి నాన్నగారి కథ చదివాక ఆ వాక్యాలు ఎవరి చావుల మీద రాసుకున్నారో అర్థమవుతుంది.

శిక్షల గురించి: జపాన్ యుద్ధనేతల్ని విచారించిన టోక్యో ట్రిబ్యునల్ 1948 నవంబరులో ఇచ్చిన తీర్పులో ఈ రైలు మార్గానికి ప్రత్యేకంగా చోటుంది. ఆసియా కూలీలు లక్షా 50 వేలమంది, చనిపోయినవాళ్ళు కనీసం 60 వేలు అని ఆ తీర్పే రాసింది. జపాన్ ప్రధానిగా పనిచేసిన తోజోని ఆ డిసెంబరు 23న ఉరితీశారు, ఆయన మీద ఉన్న అభియోగాలు చాలా. సింగపూర్‌లో జరిగిన విచారణల్లో క్యాంపుల అధికారులకీ శిక్షలు పడ్డాయి. కాని వాటిలో ఎక్కువ భాగం తెల్ల ఖైదీల మీద జరిగిన నేరాల గురించే. సాక్ష్యం చెప్పడానికి ఖైదీలకి సైన్యం అండ ఉంది. తోట కూలీని కోర్టు దాకా తీసుకొచ్చేవాడెవడు?

పరిహారం మాట మరీ అన్యాయం. జపాన్‌తో కుదిరిన 1951 శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం యుద్ధఖైదీలకి రెడ్‌క్రాస్ ద్వారా కొంత సొమ్ము వచ్చే దారి పెట్టింది, కూలీలకి పెట్టలేదు. ఇండియా దానిమీద సంతకం చెయ్యలేదు. 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా చేసుకున్న ఒప్పందంలో నష్టపరిహారం అక్కర్లేదని వదులుకుంది. రాజనీతిగా అది గొప్ప మనసే కావచ్చు. కాని ఆ వదులుకున్న దాంట్లో సిక్కోలు పల్లెల్లో కొడుకు కోసం ఎదురుచూసిన తల్లుల హక్కు కూడా ఉంది, వాళ్ళనెవరూ అడగలేదు. మలేషియాకి 1967లో జపాన్ రెండున్నర కోట్ల మలేషియా డాలర్ల సాయం ఒప్పుకుంది, అదీ రెండు సరుకు ఓడల రూపంలో. రైలు పనికి పోయినవాడి పెళ్ళానికి ఆ ఓడల్లో ఏం వాటా?

బొబ్బిలి_1757 జవాబు:

ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. అప్పుడు జపాన్ నేతాజీకి అండగా నిలబడింది కదా. ఇంగ్లీషువాళ్ళు చేసిన పాపాలు వదిలేసి ఇప్పుడు ఇవన్నీ తవ్వితే ఎవరికి లాభం?

పెరాక్_మాస్టారు జవాబు:

బాబూ, కోపం లేదు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన నేతాజీ ఫోటో ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆయన 1943 జులైలో సింగపూర్ వచ్చాక మా తోటలనుంచి ఎంతోమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. రబ్బరు గీసే ఆడపిల్లలు ఝాన్సీ రాణి దళంలో తుపాకి పట్టారు. ఫౌజులో ఉంటే సయాం రైలుకి పట్టుకుపోరని చేరినవాళ్ళూ ఉన్నారు. అదీ నిజం, ఇదీ నిజం. మా నాన్న నేతాజీ పేరు వింటే లేచి నిలబడేవాడు, జపాన్ బూటు చప్పుడు తలుచుకుంటే వణికేవాడు. ఆయనకి ఆ రెండిటి మధ్యా తగువేం కనపడలేదు. ఇంగ్లీషువాళ్ళ సంగతంటావా, కూలీల్ని మలయా తోటలకి తెచ్చింది వాళ్ళే, యుద్ధం రాగానే గాలికొదిలేసింది వాళ్ళే. ఆ మాట నేను రోజూ అంటాను. ఒకడి పాపం చెప్పాలంటే ఇంకొకడి పాపం కప్పిపెట్టనక్కర్లేదు.

టెక్కలి_పిల్ల:

మాస్టారుగారూ, వకీలుగారూ, మీ ఇద్దరికీ దణ్ణాలు. మీరు రాసింది మా నాన్నకి చదివి వినిపించాను. టపా లేదన్న మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదవమన్నారు. ఇప్పుడు నేను ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

పెరాక్_మాస్టారు జవాబు:

ఆశ ఎక్కువ పెట్టుకోకు తల్లీ, కాని వెతకడం మానకు. ఆయన రైలు పనికే వెళ్ళాడని ఇప్పుడే అనుకోవద్దు. తోటలోనే ఆకలికో మలేరియాకో పోయి ఉండొచ్చు, బతికి పిల్లల్ని కని ఉండొచ్చు కూడా.

ఇక్కడి ఎస్టేటు కాగితాల్లో మన ఇంటిపేరు రాయలేదు. ఫలానావాడి కొడుకు ఫలానా అనే రాశారు. కాబట్టి ఇంటిపేరుతో వెతికితే దొరకదు. ఆయన తండ్రి పేరు కావాలి, ఊళ్ళో పిలిచే పేరు వేరే ఉంటే అదీ కావాలి. కిరాణీలు ఎక్కువగా తమిళులో మలయాళీలో కాబట్టి, మన పేరు వాళ్ళ నోట ఎలా పలుకుతుందో అలా కూడా రాసి చూడాలి. ఆయనతో పాటు మీ ఊరినుంచి ఓడెక్కినవాళ్ళు ఇంకెవరో కనుక్కో. ఒక ఊరివాళ్ళు సాధారణంగా ఒకే తోటకి వచ్చేవారు, తోట పేరు తేలితే సగం పని అయినట్టే.

సింగపూర్ పాత పత్రికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1945, 46 సంచికల్లో సయాం నుంచి తిరిగొచ్చిన కూలీల వార్తలు ఉన్నాయి. కౌలాలంపూర్‌లో జాతీయ ఆర్కైవ్స్‌లో బ్రిటిష్ సైనిక పాలన నాటి కార్మిక శాఖ దస్త్రాలు ఉన్నాయి, అవి నేను వెళ్ళి చూడగలను. డెత్ రైల్వే ఇంట్రెస్ట్ గ్రూప్ అని (డెత్ రైల్వే అంటే ఈ సయాం రైలే) ఇక్కడ ఒక సంఘం ఉంది, బతికొచ్చినవాళ్ళ కుటుంబాల మాటలు పోగు చేస్తోంది, వాళ్ళకీ రాయి. నువ్వు వివరాలు పంపితే మా పెరాక్‌లోనే బాగన్ దాతో వైపు మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్ళని నేను అడుగుతాను. ఎనభై తొంభై ఏళ్ళవాళ్ళు ఇంకా కొందరున్నారు, అందుకని ఆలస్యం చెయ్యకు. ఫోటో ఏదైనా ఉంటే వెనకవైపు కూడా తీసి పంపు, స్టూడియో ముద్ర ఉంటే ఏ ఊళ్ళో దిగాడో తెలుస్తుంది.