సిమెంటు ఎక్కించిన పూస పక్కదే విరిగింది: తప్పు సిమెంటుదా, ఎముకదా?

వెన్నెల:
అమ్మకు 72 ఏళ్లు. ఎముకలు గుల్లబారి నడుము పైభాగంలో వెన్నుపూస ఒకటి నలిగితే సూదితో సిమెంటు ఎక్కించారు. మర్నాటికే లేచి కూర్చుంది. రెండు నెలలు తిరక్కుండానే దాని పైపూస కుంగింది. గట్టి సిమెంటే పక్కనున్న మెత్తటి ఎముకను నలిపిందని నా నమ్మకం. ఎందుకు ఒప్పుకున్నానా అని కుమిలిపోతున్నాను.

సారథి:
మీ అనుమానానికి ఆధారం ఉందండీ. సిమెంటు డిస్కులోకి, అంటే రెండు పూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి భాగంలోకి, కారినవారిలో పక్కపూస విరగడం ఎక్కువని పలు పరిశీలనల్లో తేలింది. పైగా 2009లో వెలువడిన రెండు పరీక్షల్లో, సిమెంటు ఎక్కించినవారికీ, ఎక్కించినట్టు చేసి వదిలేసినవారికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. లాభమే తేలనప్పుడు ఈ ముప్పు ఎందుకు?

లలిత:
వెన్నెముక రోగుల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేశాను. సారథిగారూ, ఆ పరీక్షల్లో చాలామందికి పూస విరిగి వారాలు, నెలలు గడిచాయి. విరిగి ఆరు వారాలు దాటనివారితో ఆస్ట్రేలియాలో జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలో సిమెంటు మేలు చేసింది.

సారథి:
2018లో నెదర్లాండ్స్ పరీక్ష మళ్లీ తేడా లేదనే చెప్పింది కదా?

లలిత:
చెప్పింది. నొప్పి సంగతిలో వాదన ఇంకా తెగలేదు, ఒప్పుకుంటాను. కానీ వెన్నెలగారు అడిగింది రెండో పూస గురించి. సిమెంటు అసలు ముట్టని స్త్రీలలోనూ, ఒక పూస విరిగిన ఏడాదిలోపే ఐదుగురిలో దాదాపు ఒకరికి మరొకటి విరిగినట్టు 2001లోనే ప్రకటించారు. పూస నలిగితే వెన్ను ముందుకు వంగుతుంది, బరువంతా పక్కపూసల ముందు అంచు మీద పడుతుంది. అవీ గుల్లవే. సిమెంటు నింపింది ఒక్క పూసలో, జబ్బు ఉన్నది అన్నింటిలో.

నాకు కడుపు రగిలేది ఇక్కడే. ఆపరేషన్ అయ్యాక ఎముకకు మందు మొదలుపెట్టకుండా ఎందరినో ఇంటికి పంపేస్తారు. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్ మూడేళ్లలో కొత్తగా పూసలు విరగడాన్ని 70 శాతం తగ్గించినట్టు 2007లోనే తేలింది. ముప్పు మరీ ఎక్కువగా ఉన్నవారికి కొత్త ఎముకను కట్టే టెరిపారటైడ్ ఉంది. మరో ఎముక మందు డెనోసుమాబ్ ఇస్తుంటే మాత్రం, బదులు మందు లేకుండా ఆపకూడదు. ఆపితే ఒకేసారి పలు పూసలు విరిగిన సందర్భాలున్నాయి.

అమ్మకు ఏ మందు రాశారు?

వెన్నెల:
ఇప్పుడే కాగితాలు తీసి చూశాను. కాల్షియం, నొప్పి మాత్రలు. అంతే.

సారథి:
ఆ విషయంలో లలితగారితో నాకు పేచీ లేదు. అయినా సిమెంటు డిస్కులోకి కారిందో లేదో స్కానులో చూపించి అడగండి. రెండో పూసలోనూ సిమెంటు పోద్దామంటే, ఎముక మందు సంగతి తేలకుండా ఒప్పుకోకండి.

లలిత:
విటమిన్ డి, కిడ్నీ రక్తపరీక్షలు కూడా చేయించండమ్మా. మందు ఎంచుకునే ముందు అవి చూడాలి. ఈ వారమే వెళ్లండి.