ఉప్పునీటి ట్యాంకులో పచ్చ నాచు ఆగడం లేదు, దయచేసి దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి తొమ్మిది నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, రెండు మెత్తటి పగడాలు ఉన్నాయి.

రెండు నెలలుగా రాళ్ల మీద జుట్టులాంటి నాచు పట్టింది. వేళ్లతో లాగితే కుచ్చులా ఊడి వస్తుంది, మొదలు మాత్రం రాయికే అంటుకుని ఉంటుంది. ఆదివారం టూత్‌బ్రష్‌తో రుద్ది తీస్తే గురువారానికి మళ్లీ అంగుళం పొడవు! మొన్న ఒక పగడం మీదికి పాకింది. అది ముడుచుకుపోయి ఇంకా విచ్చుకోలేదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

మొదట్లో కళింగపట్నం నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్లు తెచ్చేవాడిని. వంశధార అక్కడే కలుస్తుంది కదా, వానాకాలంలో పొలాల ఎరువు కూడా కొట్టుకొస్తుందేమోనని మానేశాను. ఇప్పుడు ఇంట్లో తాగే ఆర్వో నీళ్లలోనే ఉప్పు కలుపుతున్నాను. ఉప్పు కలపకముందు మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 45 వచ్చింది. తాగడానికి బాగానే ఉంటుంది గానీ, ట్యాంకుకు సున్నా దగ్గర ఉండాలంటారు. అసలు తప్పు ఇక్కడేనా?

ట్యాంకు నీళ్లు పరీక్షిస్తే, నాచుకు ఎరువులా పనిచేసే నైట్రేట్ 5, ఫాస్ఫేట్ సున్నా చూపిస్తోంది. ఉన్నదంతా నాచే లాగేసుకుంటోందని నా అనుమానం. లైటు పది గంటల నుంచి ఏడుకు తగ్గించాను, మేత రోజుకు ఒక్కసారే.

ఆర్వోకి డీఐ ఫిల్టర్ (మిగిలిన లవణాలను కూడా తీసేసేది) తగిలిస్తే సరిపోతుందా, ఫాస్ఫేట్ పీల్చే జీఎఫ్‌ఓ గుళికలు కూడా వేయాలా? పగడాలకు ఇబ్బంది ఉండదు కదా? నాచు చంపే మందులు పోయడం నాకు ఇష్టం లేదు. ఈ ఎరువులను తనే పీల్చుకుని చెడ్డ నాచుకు పోటీ ఇచ్చే కీటో నాచు పెంచుతున్నవాళ్లు విజయనగరం, విశాఖ వైపు ఎవరైనా ఉంటే ఒక గుప్పెడు ఇవ్వగలరా? నేనే వచ్చి తీసుకుంటాను.