సమస్య: "అత్త గయ్యాళి తిట్టగా నమృత మొలికె"

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. పైన ఇచ్చిన సమస్య ఆఖరి పాదం, ముందు మూడు పాదాలూ కట్టి పూరించడం మీ వంతు. విషయం, మనం కసిదీరా తిట్టుకున్న సినిమా ఆడవిలన్. అందరూ సూర్యకాంతం దగ్గరికే పరిగెడతారని తెలుసు, పరిగెత్తండి. 2024లో ఆవిడ శతజయంతికి ఎక్కడ చూసినా ఒకటే పాట, తెరమీద గయ్యాళి, బయట వెన్నపూస అని. ఆ పాట దాటి వెళ్ళిన పూరణకే నా ఓటు.

కందగడ్డ: ముందు సమస్యలోనే పేచీ ఉంది. ప్రథమా విభక్తిలో ఉన్న "గయ్యాళి" మీద పరుషం "త" వచ్చింది, అది "ద"గా మారి "దిట్టగా" కావద్దా?

నిర్వాహకుడు: సూత్రంలోనే బహుళం అని ఉంది స్వామీ, అంటే ప్రతిచోటా మారి తీరాలని లేదు. పూరణ రాయండి.

కందగడ్డ: సరే, ఇదిగో.

తెరను జూచిన వారెల్ల తెగడినారు
వంట చేసుక సెట్టుకు వచ్చి తాను
తినరె మీరని కసరుచు తిండి పెట్టి
అత్త గయ్యాళి తిట్టగా నమృత మొలికె

విసంధి: "పెట్టి" తర్వాత "అత్త" అంటే మధ్యలో "య" చేరే యడాగమం రావాలి ("పెట్టి యత్త"), మీరేమో గుమ్మం దగ్గరే వదిలేశారు. "పెట్టె" అని వాక్యం ముగించేయండి, గొడవ ఉండదు. "చేసుక" వాడుకమాటే, అయినా ఈ పద్యంలో బాగానే ఒదిగింది.

నిర్వాహకుడు: పద్యం హాయిగా నడిచింది గానీ భావం మళ్ళీ ఆ పాత పాటే. సెట్టుకి వంటలు తెచ్చి అందరికీ పెట్టేది, నిజమే. కానీ ఎస్వీ రంగారావు 'నర్తనశాల'లో కీచకుడు వేస్తే ఆయన ఇంట్లో మంచివాడేనా అని ఎవరైనా ఆరా తీశారా? నటుడికి నటన చూసి మార్కులేస్తాం, ఈవిడకేమో వంట చూసి వేస్తున్నాం.

బొగ్గుముక్క: నాకు పద్యం కంటే బొమ్మ ముందొచ్చింది. 'గుండమ్మ కథ' (1962) స్టిల్ ఒకటి ముందు పెట్టుకుని గీశాను. ముడి, బొట్టు, చీర కుచ్చిళ్ళు చకచకా వచ్చేశాయి, చిక్కంతా నోటి దగ్గరే. పెదవుల చివరలు రెండూ కిందికి వంచితే ఎవరో కోపిష్టి మనిషి వచ్చింది తప్ప ఆవిడ రాలేదు. చెరిపేసి ఒక చివర మాత్రం సన్నగా పైకి లేపాను, అంతే, గుండమ్మ దిగింది!

పెన్సి లెత్తితి గుండమ్మ పెదవి గీయ
విషము దొరకలే దెంతగా వెదకి చూడ
కొంటె నవ్వొక్క మూలలో గుట్టు విప్పె
అత్త గయ్యాళి తిట్టగా నమృత మొలికె

కందగడ్డ: నవ్వు ఒక్కటా, మూల ఒక్కటా? ఎలా విడదీసినా అర్థం కుదురుతోంది, అదృష్టవంతులు. కానీ కథలో ఆవిడ ముందు సవతితల్లి కదా, అత్త అయ్యేది తర్వాత.

బొగ్గుముక్క: ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరికీ అత్తేగా చివరికి! అదీగాక ఛాయాదేవి వచ్చి గుండమ్మను గదిలో పెట్టి తాళం వేసినప్పుడు మనకు జాలేస్తుంది చూడండి, అప్పటిదాకా సావిత్రిని ఏడిపించిన మనిషి మీద. ఆ జాలి అప్పటికప్పుడు పుట్టదు, మొదటి నుంచీ తిట్లలో ఆ కొంటెతనం దాచిపెట్టబట్టే పుట్టింది.

ఎడంచెయ్యి: నాది ఆవిడ చెయ్యి మీద.

ఎడమ చేతిని తిప్పుచు నెగిరి పలుక
మాట మాటకు విరుపుంచు మహిత నటన
హాలు హాలంత నవ్వుల హాయి నిండె
అత్త గయ్యాళి తిట్టగా నమృత మొలికె

విసంధి: మూడో పాదం భేష్. "మహిత" మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో అక్షరం కుదరడం కోసం, పిలిచిన చుట్టం, దానికి అక్కడ పనేం లేదు. "మాయ తోడ" అంటే గణాలూ సరిపోతాయి, "పలుక"తో అన్వయమూ కుదురుతుంది.

ఎడంచెయ్యి: మార్చేశాను, థాంక్స్.

కొత్తగా చేరాను: నాకు ఒక్క పాదమే వచ్చిందండీ, నవ్వకండి. "సూర్యకాంతంబు పేరును కూతు కిడరు".

విసంధి: సూ-కూ యతి చెల్లదు. "సూర్యకాంతంబు పేరును సుతకు నిడరు", ఇప్పుడు చూడండి.

నిర్వాహకుడు: నవ్వడమెందుకు, అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. 'సంసారం' (1950) నుంచి గయ్యాళి వేషాలు వేసీ వేసీ, నిక్షేపంలాంటి పేరును ఎవరూ పెట్టుకోకుండా చేసిందంటే ఆ నటన ఏ స్థాయిదో ఆలోచించండి. నా ఓటు బొగ్గుముక్కకే, ఎడంచెయ్యి సవరించిన పద్యం రెండోది. ఈ పాదానికి మిగతా రెండూ కట్టి రేపటిలోగా ఎవరైనా పెడితే దాన్నీ పోటీలోకి తీసుకుంటాను.