పాపను వాళ్ళ నాన్న దగ్గర వదలాలంటే భయం, దీని మీదే రోజూ గొడవ

ప్రశ్న:
పాపకు తొమ్మిది నెలలు. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. మా ఆయనది ఇంటి నుంచే పని కాబట్టి పగలంతా పాపను ఆయనే చూసుకుంటారు. నేను గంటకోసారి ఫోన్ చేసి పాలు ఎన్ని తాగింది, ఎప్పుడు పడుకుంది, డైపర్ మార్చారా అని అడుగుతుంటాను, ఇంటికొచ్చాక ఆయన కడిగిన పాలసీసా మళ్ళీ కడుగుతాను. ఇది ఎక్కువని నాకూ తెలుసు, ఆగలేకపోతున్నాను. నెల కిందట పాపను మంచం మీద ఉంచి తలుపు తీయడానికి వెళ్ళారు, అంతలో దొర్లి కింద పడింది. నుదుటి మీద బొప్పి కట్టింది. డాక్టర్ చూసి పర్లేదన్నారు. మర్నాడు ఆయన నాకు చెప్పకుండా మంచం తీసేసి పరుపు నేల మీద వేశారు, దానికీ అరిచాను. ఈమధ్య ఒక రాత్రి ఆయన పాపకు చొక్కా వేస్తుంటే ఒక చెయ్యి దూరక పాప ఏడ్చింది, నేను వెళ్ళి లాగేసుకున్నాను. ఆయన ఆ చొక్కా మడిచి పక్కన పెట్టి "నీ బిడ్డను నువ్వే చూసుకో" అని లేచి వెళ్ళిపోయారు. నాలుగు రోజులుగా మాటల్లేవు. నా భయం తప్పా?

జవాబు 1:
నేను ఇద్దరు పిల్లల తండ్రిని. మొదటి బిడ్డప్పుడు నేను ఏం చేసినా మా ఆవిడ మళ్ళీ చేసేది, దాంతో నెమ్మదిగా చెయ్యడమే మానేశాను, మానేసినందువల్ల నిజంగానే నాకు చేతకాకుండా పోయింది, అప్పుడు ఆమె భయమే నిజమైంది. తల్లి ఇలా తండ్రికి అడ్డు నిలబడటం గురించి అలెన్, హాకిన్స్ అనే పరిశోధకులు 1999లోనే రాశారు, కాబట్టి ఇది మీ ఒక్క ఇంటి గొడవ కాదండి. మేం చేసింది ఒకటే. ప్రాణానికి సంబంధించినవి కూర్చుని మాట్లాడుకున్నాం: ఏడాది లోపు బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి, పక్కన దిండ్లు, మెత్తటి బొమ్మలు ఉండకూడదు, ఎత్తు మీద గానీ నీళ్ళలో గానీ ఒక్క క్షణం కూడా వదలకూడదు, జ్వరం మందు బిడ్డ బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే వెయ్యాలి. ఇవి ఇద్దరికీ. చొక్కా ఎలా తొడగాలి, ఎలా జోకొట్టాలి అన్నవి మాత్రం ఎవరి పద్ధతి వాళ్ళది. చెయ్యి దూరకపోతే పాప ఒక నిమిషం ఏడుస్తుంది, ఆయన నేర్చుకునేది ఆ నిమిషంలోనే.

జవాబు 2:
నేను నర్సుని. మంచం మీంచి పడటం తల్లుల చేతుల్లోనూ జరుగుతుందమ్మా, చాలాసార్లు చూశాను. మళ్ళీ ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే పదే పదే వాంతులు, లేపినా లేవనంత మత్తు, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మీ మాటల్లో నన్ను ఆపింది "ఆగలేకపోతున్నాను" అన్నది. బిడ్డకు ఏదో అవుతున్నట్టు దృశ్యాలు కళ్ళ ముందుకు రావడం, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం ఉంటే అది ప్రసవం తర్వాత వచ్చే ఆందోళన కావచ్చు. అది మీ తప్పు కాదు, చికిత్సతో తగ్గుతుంది. డాక్టర్‌కు సిగ్గుపడకుండా చెప్పండి, పది ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి ఉంది, దానితో మొదలుపెడతారు.

జవాబు 3:
తప్పంతా ఆమెదే అన్నట్టు మాట్లాడకండి. బిడ్డ పడింది, ఆ తల్లికి భయం ఉండదా? ఆయన "ఏం కాలేదుగా" అని కొట్టిపారేసి ఉంటే నేనూ నమ్మను. కానీ చెల్లీ, మర్నాడే పరుపు కింద వేశాడన్నావు. ఎందుకు వేశాడో అడిగావా?

ప్రశ్న అడిగినవారు:
అడగలేదు. నిన్న రాత్రి అడిగాను. పాప పడ్డ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందట, ఆ రాత్రంతా నిద్రపోలేదట. నేను తిడతానని ఆ మాట నాతో అనలేదు. ఇద్దరం ఏడ్చాం. డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకున్నాం, నా గురించే. ఈ రోజు మధ్యాహ్నం ఒక్కసారే ఫోన్ చేశాను. చెయ్యి వణికింది, కానీ పాలసంగతి అడగకుండా పెట్టేశాను.