పాత ఎంజీబీ కారులో హీటర్ వేస్తే చల్లగాలే వస్తోంది, తెలిసినవాళ్లు చెప్పగలరా?

అన్నలకు నమస్తే. మాది హనుమకొండ. మా పెద్దనాయన వాడిన 1967 ఎంజీబీ రోడ్‌స్టర్ ఇప్పుడు నా దగ్గరుంది, 1798 సీసీ ఇంజను. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు దీంట్లోనే పోవాలని మా అమ్మ కోరిక. అప్పుడు ఆదిలాబాద్ చలి ఎట్లుంటదో మీకు తెలుసు. పైన గుడ్డ టాపు, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు.

బ్లోవర్ బాగానే తిరుగుతోంది, గాలి మాత్రం చల్లగా వస్తోంది. ఇంజను వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ కొత్తది, 82 డిగ్రీలది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే నిలబడుతోంది. ఇంజను వేడెక్కాక సిలిండర్ హెడ్ వెనక ఉన్న హీటర్ వాల్వ్ (వేడినీళ్లను హీటర్‌కు వదిలేది) మీద చెయ్యి పెడితే కాలుతోంది. అక్కడి నుంచి హీటర్ డబ్బాలోకి పోయే పైపు గోరువెచ్చగా ఉంటోంది, తిరిగి రేడియేటర్ కింది పైపుకు వచ్చే గొట్టం పూర్తిగా చల్లగా ఉంటోంది. వాల్వ్ కేబుల్ సరిగ్గానే లాగుతోంది. రెండు పైపులూ విప్పి నీళ్లు పట్టిస్తే తుప్పు రంగు నీళ్లు సన్నటి ధారగా వచ్చాయి, వాటితో పాటు ఇసుక లాంటి నలుసులు.

నాకైతే లోపలి హీటర్ కోర్, అంటే వేడినీళ్లు పారే చిన్న రేడియేటర్, పూడుకుపోయిందనే అనిపిస్తోంది. ఇక్కడి మెకానిక్ మాత్రం పైపుల్లో గాలి పట్టిందంటున్నాడు, థర్మోస్టాట్ తీసేయమంటున్నాడు. తీసేస్తే ఇంజనే సరిగ్గా వేడెక్కదు, ఆ మాట నాకు నచ్చలేదు.

డబ్బా దించకుండా కోర్ శుభ్రం చేసే మార్గం ఉందా? దించక తప్పదంటే, వరంగల్, కరీంనగర్ వైపు పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు సోల్డరింగ్ చేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా?