అప్‌డేట్: పాప పుట్టింది, 2.1 కిలోలు

ఏడో నెలలో మా ఆవిడకి హిమోగ్లోబిన్ 8.4 మాత్రమే ఉందని, స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందన్నారని, ఏం చేయాలో చెప్పమని అడిగాను కదా. మూడు వారాల క్రితం పాప పుట్టింది. 37 వారాలు నిండాయి కానీ బరువు 2.1 కిలోలే. 2.5 లోపు ఉంటే తక్కువ బరువు కిందే లెక్కట.

కారణం ఒక్కటే కాదన్నారు డాక్టరమ్మ. రక్తహీనత ఎలాగూ ఉంది. దానికి తోడు ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది. అప్పుడు మాయకి (కడుపులో బిడ్డకి పోషణ అందించే భాగం) రక్తం సరిగా అందక బిడ్డ ఎదగదట. బాబు పుట్టిన ఏడాదికే మళ్లీ నెల తప్పడం ఇంకో కారణం కావచ్చన్నారు. ఇక ఐరన్ మాత్ర రోజూ వేసుకునేది, కానీ పొద్దున టీ తాగుతూ! టీతో ఐరన్ ఒంటికి సరిగా పట్టదని మాకెవరికీ తెలియదు. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని మా పెద్దమ్మ అన్నం తగ్గించమనడం సరేసరి.

ఇప్పుడు తల్లిపాలే ఇస్తున్నాం. పాపని ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకోమన్నారు, కంగారూ మదర్ కేర్ అంటారు. రాత్రిళ్లు నా వంతు. చొక్కా గుండీలు విప్పి, పైన దుప్పటి కప్పుకుని కదలకుండా కూర్చుంటాను. నిన్న తూకం 2.38.